అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు

ఒరేయ్ బావా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను, బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర హారన్ల మోతలో నీకు సగం కూడా వినపడి ఉండదు. అందుకే రాస్తున్నా. సర్జాపూర్ వైపు సైటుకి సోమవారం అడ్వాన్స్ ఇచ్చేస్తానన్నావు కదా, ఒక్క వారం ఆగరా.

నా సైటు పని చూసిన టీమ్ ఎవరని అడిగావు. నలుగురు. వాళ్ళు ఇంతకుముందు ఏం పని చేసేవారో మొదటి రోజే అడిగాను, నువ్వూ ఎవరి దగ్గరికెళ్ళినా ముందు అదే అడుగు. పెద్దావిడ లాయరు, మదనపల్లి వైపు వాళ్ళు, ఇక్కడి సివిల్ కోర్టులో ఇరవై ఏళ్ళకు పైగా భూమి కేసులే వాదించింది. ఒకాయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఇంకొకాయన సర్వేయరు. సైట్లు చూపించే కుర్రాడికి రెరా (రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది, నంబరు కర్ణాటక రెరా వెబ్‌సైట్లో నేనే చూసుకున్నా.

నేను మొదట తీసుకెళ్ళిన కాగితాలు వేరే సైటువి. ఆ బ్రోకరు "పేపర్లన్నీ క్లియర్ సార్" అని నాలుగుసార్లు చెప్పాడు, నేనూ నమ్మేశా. లాయరుగారు సేల్ డీడ్ పక్కన పెట్టి ముందు పాత ఓనర్ల వంశవృక్షం తీసింది. పెన్సిల్‌తో ఒక్కో పేరు కింద గీత గీస్తూ, 2009లో అమ్మిన కాగితంలోని సంతకాలతో పోల్చుకుంటూ వెళ్ళింది. అన్నదమ్ములు ముగ్గురివీ ఉన్నాయి. చెల్లెలి పేరు దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. "తాతల ఆస్తి బాబూ, 2005 సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా వాటా. రేపు ఈవిడ కేసేస్తే కోర్టు చుట్టూ తిరిగేది మీరే" అంది. మన ఆంధ్రాలో ఎన్టీఆర్ 1986లోనే ఆ చట్టం తెచ్చారు, మా అమ్మావాళ్ళింట్లో ఆడపిల్లల సంతకాల కోసం ఎంత తిరిగారో నీకు గుర్తుందిగా! ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూస్తే చాలనుకుంటాం గానీ అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి, పెట్టని సంతకం ఎక్కడ కనపడుతుంది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా, పిల్లల చదువుకి దాచిన డబ్బది.

ఈసీ కూడా 2004 తర్వాతదే ఆన్‌లైన్లో దొరుకుతుంది, అంతకుముందుది చేతిరాత పుస్తకాల్లో వెతికించాలి. రిటైరైనాయన విలువ అక్కడ తెలిసింది, ఏ పుస్తకం అడగాలో ఆయనకి తెలుసు. సర్వేయరుగారు గ్రామ నక్షా పట్టుకుని సైటు దగ్గరికే వచ్చి, రాజకాలువ, అంటే వాననీళ్ళు పోయే పెద్ద కాలువ, ఎంత దూరమో కొలిచి చూపించారు. చెరువులూ కాలువలూ పూడ్చి కట్టిన ఊరిది, వానొస్తే టీవీలో చూస్తూనే ఉన్నావు.

నాకు వాళ్ళమీద నమ్మకం కుదిరింది ఇంకో మాటతో. కాగితాలు చూసినందుకే ఫీజు, మనం కొన్నా కొనకపోయినా అంతే. వద్దని చెబితే వాళ్ళకి పోయేదేమీ లేదు.

నీదేమో బీ ఖాతా (అనుమతులు పూర్తిగా లేని సైట్లకిచ్చే ఖాతా) అన్నావు, లోను దగ్గర బ్యాంకువాళ్ళు తిప్పలు పెడతారు. సేల్ డీడ్ బదులు జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) మీద రాసిస్తామంటే మాత్రం లేచి వచ్చెయ్, దానివల్ల హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

మదర్ డీడ్ (పాత మూల దస్తావేజు), వంశవృక్షం, పహాణీ (రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డు), ఈసీ అన్నీ జెరాక్స్ తీయించి కొరియర్ చెయ్యి. శనివారం పొద్దున ఆవిడ ఖాళీగా ఉంటుంది, నేనే తీసుకెళ్తా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ