మంత్రిగారూ, మిమ్మల్ని ఎవరు కలుస్తున్నారో మాకూ తెలియనివ్వండి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. బిల్డర్లు, కాంట్రాక్టర్లు, ఆటో యూనియన్లు, కాలనీ సంఘాలు మీ దగ్గరికి రావడం సహజం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణే ఇచ్చింది. అడగడంలో తప్పు లేదు. కొందరు అడిగేది మిగతావాళ్ళ చెవిన పడకుండానే జీవో అయిపోవడమే నా బాధ.

111 జీవోనే చూడండి. 1996లో గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. పొలానికి ధర రాక నలిగిపోయిన రైతుల గోడు నిజమైనదే, దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఎకరం ధర పెరిగితే లాభం కొద్దిమందికి, అదీ కోట్లలో. జలాశయం పాడైతే నష్టం ఊరందరికీ, తలా కాస్త. కోట్లు వచ్చేవాడు లాయర్ని పెట్టుకొని ఏళ్ళ తరబడి తిరగగలడు. తలా కాస్త నష్టపోయేవాడు పొద్దున్నే డ్యూటీకి పోవాలి. ప్రభుత్వాలు ఒకవైపు ఒరిగేది ఇక్కడే.

మా కాలనీ నాలాను ఆనుకొని పునాది తీస్తుంటే ఒక కార్యాలయానికి వెళ్ళాం. గుమాస్తా అర్జీ మీద రౌండ్ సీలు కొట్టి, తేదీ వేసి, జిరాక్స్ కాపీ మా చేతిలో పెట్టాడు. సార్ మీటింగ్‌లో ఉన్నారన్నాడు. ఎవరితో అంటే పలకలేదు. ఆ పునాది మీద ఇప్పుడు రెండో స్లాబు పడింది.

పార్టీలకు డబ్బు ఎవరిచ్చారో తెలుసుకోవడం ఓటరు హక్కని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, ఇచ్చినవాళ్ళ పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను కొట్టేసింది. మరి ఫైలు కదిలే ముందు మంత్రిని ఎవరు కలిశారో తెలియక్కర్లేదా? అమెరికాలో లాబీయిస్టులు, అంటే ఇతరుల పని కోసం ప్రభుత్వం చుట్టూ తిరిగేవాళ్ళు, ఎవరి తరఫున, ఏ విషయం మీద తిరుగుతున్నారో నమోదు చేసుకోవాలని 1995లోనే చట్టం చేశారు. మనకు అలాంటిది లేదు.

కేంద్రం 2014లో ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని విధానం పెట్టుకుంది. భూ వినియోగం మార్చే ప్రతి జీవోకూ మీరు అదే పద్ధతి పాటించండి, తెలుగులోనూ ఉర్దూలోనూ. రాజ్యాంగ 74వ సవరణ చెప్పిన వార్డు కమిటీలు నెలనెలా కూర్చునేలా చూడండి. అన్నిటికంటే ముందు, మీ అపాయింట్‌మెంట్ల వివరాలు ప్రతి వారం వెబ్‌సైట్‌లో పెట్టించండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ పేషీకి ఒక్క మాట చెబితే చాలు. వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ ఓటరు