చదువు పేజీలో ఈ పాఠానికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే చదువు పేజీని మా ఆఫీసులో ప్రతి వారం కత్తిరించి ఫైల్లో పెడతాం. ఏ కోర్సు చేస్తే మంచిది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, అన్నీ వివరంగా ఇస్తున్నారు. వాటి పక్కన ఒక జానెడు చోటు అడగడానికే ఈ ఉత్తరం. ప్రోగ్రాం రాస్తూ రాస్తూ పిల్లలకు చెయ్యి ఆగిపోయే చోట్లు కొన్ని ఉంటాయి. వారానికో చిక్కు తీసుకుని తెలుగులో విడమరిచి చెప్పించండి.

నేను గుంటూరు అరండల్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా మిర్చి కమీషన్ కొట్లకీ కోల్డ్ స్టోరేజీలకీ లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, తెర మీద ఫారాలూ బటన్లూ కట్టే విండోస్ ఫామ్స్ మీద. 2002లో మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌తో వచ్చింది కాబట్టి పాతదే. కానీ 2019లో డాట్‌నెట్ కోర్ 3.0లోకీ తెచ్చారు, మా కొట్లలో ఇప్పటికీ దాని మీదే పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) వస్తున్నాయి.

మా ప్రోగ్రాముల్లో రైతు పేరు కొట్టే పెట్టె ఒకటుంది. రెండక్షరాలు కొడితే ఊరుతో సహా పేర్లు కిందకి వస్తాయి. పక్కన చిన్న ప్లస్ బటన్. పేరు లేకపోతే అది నొక్కాలి, కొత్త రైతు ఫారం తెరుచుకోవాలి. ఈ పెట్టె కమీషన్ కొట్టుకూ కావాలి, కోల్డ్ స్టోరేజీకీ కావాలి. అందుకని దాన్ని కస్టమ్ కంట్రోల్‌గా, అంటే మేమే తయారుచేసుకున్న తెర భాగంగా చేసి వేరే లైబ్రరీలో, అంటే రెండు ప్రోగ్రాములూ వాడుకోగల విడి డీఎల్‌ఎల్ ఫైల్లో పెట్టాం. కొత్త రైతు ఫారం మాత్రం ఎవరి ప్రోగ్రాంలో వాళ్లదే. కొట్టువాళ్లకు పాత బాకీ, బ్యాంకు ఖాతా కావాలి. కోల్డ్ స్టోరేజీ వాళ్లకు బాండు (సరుకు రసీదు) ఎవరి పేరున రాయాలో కావాలి.

ఇక్కడే ముడి పడింది. అప్లికేషన్, అంటే కొట్టు నడిపే ప్రోగ్రాం, అప్పటికే లైబ్రరీని రిఫరెన్స్‌గా తీసుకుంది, అంటే అందులోని కోడ్ వాడుకుంటానని చెప్పుకుంది. లైబ్రరీలోని బటన్ అప్లికేషన్‌లోని ఫారాన్ని పేరు పెట్టి తెరవాలంటే లైబ్రరీ తిరిగి అప్లికేషన్‌ను రిఫరెన్స్‌గా తీసుకోవాలి. మేం ప్రోగ్రాములు రాసే విజువల్ స్టూడియో దానికి ఒప్పుకోదు. దీన్ని కట్టాలంటే ముందు అది కావాలి, దాన్ని కట్టాలంటే ముందు ఇది కావాలి. మా దగ్గరికి ప్రాజెక్టు పనికి వచ్చిన ఫైనలియర్ అబ్బాయి ఒక పూటంతా కుస్తీ పట్టి, "మేడం, నా సిస్టమ్‌లో ఏదో పాడైనట్టుంది" అన్నాడు. ఈవెంట్ (ఏదో జరిగిందని ప్రోగ్రాంలో ఒక భాగం వేసే కేక) అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్పాడు. అది ఇక్కడ వాడుకోవాల్సిన సంగతని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు దారి కనిపెట్టానని వచ్చాడు. ఫారం పేరును కొటేషన్ల మధ్య మామూలు మాటగా రాసి, ప్రోగ్రాం నడుస్తుండగా రిఫ్లెక్షన్ అనే పద్ధతితో వెతికించి తెరిపించాడు. పని చేసింది. సీజన్ నెత్తి మీద ఉంది, నేనూ సరేనన్నాను. అది నా తప్పు. మార్చిలో ఏదో సర్దుతూ ఆ ఫారం పేరు నేనే మార్చాను. కోడ్‌ను తనిఖీ చేసి ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ కొటేషన్లలో ఉన్న పేరును చూడదు కదా, ఒక్క ఎర్రర్ లేకుండా బిల్డ్ అయింది. అదే కొట్లకు పంపాను.

రాత్రి తొమ్మిదింటికి ఒక కొట్టు నుంచి ఫోన్. వినుకొండ వైపు నుంచి అరవై టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి తెచ్చిన రైతు, ఆ కొట్టుకు కొత్త. ప్లస్ నొక్కితే ఎర్రర్ వస్తోంది. నేను స్కూటర్ మీద వెళ్లేసరికి గుమస్తా కార్బన్ పేపరు పెట్టి చేత్తో పట్టీ రాస్తున్నాడు. రైతు తన ఆధార్ జిరాక్స్‌ను బల్ల మీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేస్తున్నాడు. నన్ను చూసి, "కాయితం బాగా లేదనా అమ్మా, కంప్యూటర్ తీసుకోవట్లేదు?" అని అడిగాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రాత్రికి పేరు సరిచేసి వచ్చాను. సీజన్ అయ్యాక మొత్తం మళ్లీ రాశాం. ఆ అబ్బాయికి నేను చెప్పింది మిర్చి యార్డు లెక్కలోనే. కాటా దగ్గర తూకం వేసే దడవాయి తూకం పైకి చదువుతాడు. ఏ కొట్టు గుమస్తా ఆ కొట్టు పుస్తకంలో రాసుకుంటాడు. పుస్తకం ఎక్కడుందో దడవాయికి తెలియక్కర్లేదు. మన బటన్ కూడా అంతే. ఫారాన్ని తను తెరవకూడదు. "కొత్త రైతు కావాలి" అని ఈవెంట్ లేపి ఊరుకోవాలి. ఆ కేక అప్లికేషన్ వింటుంది, తన ఫారం తను తెరుస్తుంది, సేవ్ అయిన రైతు నంబరును తిరిగి పెట్టె చేతికిస్తుంది.

అయితే మాకు ఆ పెట్టె పన్నెండు ఫారాల్లో ఉంది. పన్నెండు చోట్లా ఈవెంట్ కలపాలి, ఒకటి మరిచిపోతే ఆ బటన్ మూగదవుతుంది. అందుకని లైబ్రరీలో ఒక ఇంటర్‌ఫేస్, అంటే ఏ పని కావాలో మాత్రమే చెప్పే ఒప్పందం, రాశాం. అందులో ఉన్నది ఒకే మెథడ్, అంటే ఒకే పని: కొత్త రైతు ఫారం తెరిచి నంబరు తెచ్చివ్వడం. ఆ పని ఎలా చేయాలో అప్లికేషన్ రాసుకుంటుంది, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఒక్కసారి లైబ్రరీకి అప్పగిస్తుంది. పాత తిప్పలు మళ్లీ రావు. ఇప్పుడు ఫారం పేరు మారితే కంపైలర్ నా బల్ల దగ్గరే ఆపుతుంది, రైతు ముందు కాదు.

ఇంకో సంగతి. ఫారాలు గీసుకునే డిజైనర్‌లో ఫారం తెరిచినప్పుడు దాని మీదున్న కంట్రోల్ కన్‌స్ట్రక్టర్, అంటే ఆ కంట్రోల్‌ను తయారుచేసే కోడ్, నిజంగానే నడుస్తుంది. ఇంటర్‌ఫేస్‌ను అక్కడే వాడితే, అప్పటికి అప్పగించినవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి డిజైనర్ ఎర్రర్ చూపిస్తుంది. బటన్ నొక్కినప్పుడే వాడాలి. ఇది తెలియక మేం రెండు రోజులు పోగొట్టుకున్నాం.

ఏది ఎవరి మీద ఆధారపడాలి అన్నది సిలబస్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే పిల్లలు తెలివిగలవాళ్లు. తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. ఇంగ్లీషులో ముక్కున పట్టింది తెలుగులో ఒకసారి వినగానే "ఓహో, ఇంతేనా" అంటారు. ఆ మాట వినాలనే నా ఆశ.

మొదటి వారానికి వ్యాసం నేనే రాసిస్తాను, డబ్బులేం అక్కర్లేదు. ఆ ప్లస్ బటన్ కోడ్ ముప్ఫై లైన్లు దాటదు. మీ పేజీలో అర కాలమ్‌లో సరిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అరండల్‌పేట, గుంటూరు.