పడక దగ్గరా, కుర్చీలోనా: నర్సులు ముందే తేల్చుకోవాలి

సంపాదకుడు గారికి,

ఉద్యోగాల పేజీల్లో నర్సింగ్ అనగానే గల్ఫ్ జీతాలు, జర్మనీ వీసాల మీదే రాస్తున్నారు. ఎనిమిది, పదేళ్లు డ్యూటీ చేసిన నర్సును వేధించే ప్రశ్న వేరు. ఇన్‌ఛార్జిగా పైకి పోవాలా, ఐసీయూ, డయాలసిస్, క్యాన్సర్ వంటి ఒక విభాగంలోనే పాతుకుపోవాలా? రుయా, స్విమ్స్, బర్డ్, చిన్నపిల్లల హృదయాలయం, అలిపిరి దగ్గరి క్యాన్సర్ ఆసుపత్రి, ఇన్ని ఆసుపత్రులున్న తిరుపతిలో ఈ మాట ప్రతి డ్యూటీ రూములోనూ వినబడుతుంది.

ప్రభుత్వ కొలువులో మెట్లు తెలిసినవే: స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, గ్రేడ్-2 సూపరింటెండెంట్, గ్రేడ్-1. అన్నీ పాలన మెట్లే. సీనియారిటీ వచ్చిందంటే మందు ఎక్కించే పంపు దగ్గర చెయ్యి తిరిగిన మనిషి సరుకులు రాసే ఇండెంట్ పుస్తకం దగ్గరికి వెళ్లాల్సిందే.

ఆ చెయ్యి తిరగడమంటే ఏమిటో ఒక్క సిరంజి పంపు చాలు చూడ్డానికి. బీపీని నిలబెట్టే నార్‌ఎడ్రినలిన్ మందు 4 మిల్లీగ్రాములు 50 ఎం.ఎల్.లో కలిపితే ఎం.ఎల్.కు 80 మైక్రోగ్రాములు. 60 కిలోల రోగికి, కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము చొప్పున, గంటకు 4.5 ఎం.ఎల్. ఈ లెక్క వారంలో వస్తుంది. రానిది తర్వాతిది. ఆ మందు ఒంట్లో నిలిచేది నిమిషాలే. సిరంజి ఖాళీ అయ్యాక కొత్తది కలుపుదామని కూర్చుంటే ఈలోగా బీపీ జారిపోతుంది. అందుకే రెండో పంపులో ముందే ఎక్కించి పెట్టుకోవాలి. అదే లైన్లో ఇంకెవరో యాంటీబయాటిక్ ఇచ్చి సెలైన్‌తో నెట్టి ఫ్లష్ చేశారా, గొట్టంలో ఉన్న మందంతా ఒక్కసారిగా లోపలికి పోయి బీపీ ఎగబాకుతుంది. ఇవన్నీ రాత్రి మూడు గంటలకు కూడా గుర్తుండాలంటే ఏళ్లు పడుతుంది.

అలాగని హెడ్ నర్సు పని చులకన కాదు. పది వెంటిలేటర్ పడకలకు రోగికో నర్సు చొప్పున మూడు షిఫ్టులకు రోజుకు 30 మంది, వారానికి 210 డ్యూటీలు. మనిషికి ఆరు డ్యూటీలనుకుంటే వారపు సెలవుకే 35 మంది కావాలి. సీఎల్, ప్రసూతి సెలవు, శిక్షణ కలిపితే 40కి చేరుతుంది. ఉన్నది 30 మందే అయితే డబుల్ డ్యూటీలు తప్పవు, మందుల పొరపాట్లు ఆ రెండో డ్యూటీలోనే పుడతాయి. ఈ లెక్క వేసి కాగితం మీద పెట్టి అడగగలిగితేనే మేనేజ్‌మెంట్. ఇన్‌ఫెక్షన్ల లెక్కా అంతే. ఒక రోగికి క్యాథెటర్ గొట్టం ఉన్న ఒక్కో రోజూ ఒక క్యాథెటర్ రోజు. నెలలో 600 క్యాథెటర్ రోజులకు మూడు ఇన్‌ఫెక్షన్లు వస్తే వెయ్యి రోజులకు 5. క్యాథెటర్లను రోజూ ఒకే వేళకు లెక్కపెట్టకపోతే ఆ 5కు అర్థమే లేదు. మార్ఫిన్ రిజిస్టరు, తాళం చెవి అప్పగింత సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

చదువుల దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే వార్డులో హోదా పెరుగుతుందనుకుంటారు. అది ఎక్కువగా తీసుకెళ్లేది కాలేజీ పాఠాలకే. పడక దగ్గరే ఉండదలచినవారికి ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి: క్రిటికల్ కేర్ (ఐసీయూ), ఆంకాలజీ (క్యాన్సర్), నియోనేటల్ (అప్పుడే పుట్టిన బిడ్డలు), ఆపరేషన్ థియేటర్ వంటివి. డిగ్రీ కాకుండా జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసినవాళ్లూ చేరవచ్చు. బీఎస్సీ చేసి అనుభవం ఉన్నవారికి రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ క్రిటికల్ కేర్ కోర్సు ఉంది. చేరేముందు ఆ సంస్థ పేరు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, పాసయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే ‘ఫెలోషిప్’ కాగితాలకు ఆ నమోదు దొరకదు. అనుభవ పత్రంలో ‘స్టాఫ్ నర్సు’ అని ఊరుకోకుండా విభాగం, పడకలు, తేదీలు రాయించుకోవాలి. విదేశాల్లో ముందు అడిగేది అదే.

ప్రైవేటులో ‘ఇన్‌ఛార్జి’ అన్న పిలుపు ఇంకో తిరకాసు. చేతిలో ముగ్గురు రోగులు అలాగే ఉంటారు, పైన రోస్టరు, స్టోరు వచ్చి పడతాయి. చివరకు రెంటికీ చెడ్డ రేవడి. ఒప్పుకునేముందు రోగుల కేటాయింపు తీసేస్తారా, సెలవు మంజూరు చేసే అధికారం ఉంటుందా, అలవెన్సు ఎంత, నైట్లు ఉంటాయా అని రాతలో అడగాలి. నా అభిప్రాయంలో ఐదేళ్లలోపు ఇన్‌ఛార్జి వద్దు. నడుము నొప్పి, పిల్లల బడి, వరస నైట్లు ఎవరికి ఎప్పుడు బరువవుతాయో వాళ్లకే తెలుసు గనక, ఆ తర్వాత మారడంలో తప్పు లేదు.

ప్రభుత్వం చేయాల్సింది హెడ్ నర్సుతో సమానమైన జీతంతో, పడక దగ్గరే ఉండే స్పెషలిస్టు నర్సు మెట్టు ఒకటి పెట్టడం. అది ఆలస్యమైనా, బదిలీల కౌన్సెలింగ్ దరఖాస్తులో డిప్లొమా విభాగానికి ఒక గడి చేర్చడానికి ఖర్చేమీ లేదు. డయాలసిస్‌లో ఏడాది చదివి వచ్చిన నర్సును ఓపీ చీటీల దగ్గర కూర్చోబెట్టడం దానితోనైనా ఆగుతుంది.

— ఒక సీనియర్ నర్సు, తిరుపతి