వాళ్ళ కార్డులు నువ్వు జరపొద్దు తల్లీ

కడప,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాత్రి పదకొండు దాటాక కూర్చుని మీ టీములో ఎనిమిది మంది పనుల కార్డులూ ఆ జిరాలో, అదే ఏ పని ఎంతవరకు వచ్చిందో చూపించే మీ ఆఫీసు కంప్యూటర్ బోర్డులో, నువ్వే ఒక్కొక్కటీ ఒక వరస నుంచి ఇంకో వరసకు జరుపుతున్నానన్నావు. వాళ్ళు దాని వైపు చూడనే చూడరనీ, పొద్దున మీటింగులో నువ్వు అడిగితే తప్ప ఏ పని ఎంతవరకు వచ్చిందో నోరు విప్పరనీ బాధపడ్డావు. అప్పుడే సైటులో కంకర లారీ దిగుతోంది, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నా.

2014లో ఎర్రముక్కపల్లిలో కట్టిన మేడ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. స్లాబ్ గురువారం అనుకున్నాం. కరెంటాయనకు నేనే శుక్రవారం అని చెప్పానో, అతనికే అట్లా వినపడిందో ఈ రోజుకీ తేలలేదు. స్లాబులో వైర్లు పోయే పైపులు వేయడం అయిందని సెంట్రింగ్ వాళ్ళు అనుకున్నారు. కమ్మి కట్టినవాళ్ళు, నేను చూసే ఉంటానని అనుకున్నారు. తెల్లారి ఆరింటికి కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. పదకొండుకు ఇంటాయన నిచ్చెనెక్కి వచ్చి "ఫ్యాను బాక్సులు ఏవి?" అన్నాడు. అప్పటికి రెండు పడగ్గదుల మీద కాంక్రీటు పడిపోయింది. చివరికి ఆ రెండు గదుల్లో కప్పుకు ప్లాస్టిక్ పట్టీలు కొట్టి వైర్లు లాగాం. కొత్త ఇల్లు, తెల్లటి కప్పు, గోడ నుంచి ఫ్యాను దాకా అడ్డంగా ఆ పట్టీ. గృహప్రవేశానికి పిలిచి భోజనం పెట్టారు. ఆ పూటంతా నేను తల పైకెత్తలేదు.

అందులో ఎవరూ పని ఎగ్గొట్టలేదమ్మా. అందరికీ తెలిసిన పనే, కానీ ఎవరి పేరు మీదా లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఫోన్లో అట్లాంటి బోర్డే, ట్రెల్లో అనే యాప్ పెట్టి నేర్పావు కదా, మొదట్లో నేనూ ఆ తప్పే చేశాను. 'స్లాబ్' అని ఒక్క కార్డు రాసి ముగ్గురి పేర్లూ పెట్టాను. ట్రెల్లో ఎంతమందినైనా పెట్టనిస్తుంది. ముగ్గురుంటే ముగ్గురూ పక్కవాడి వైపు చూస్తారు. మీ జిరాలో ఒక పనికి అసైనీగా, అంటే ఆ పని చేయాల్సిన మనిషిగా, ఒక్కరినే పెట్టగలమన్నావు, అది చాలా మంచి పద్ధతి. ఇప్పుడు నేను కమ్మికి ఒక కార్డు, కరెంటు పైపులకు ఒకటి, బాత్రూం దగ్గర పల్లంగా దించే సన్‌కెన్ స్లాబుకు ఒకటి విడగొట్టాను. కార్డుకు ఒక్క పేరు. ఫ్యాను బాక్సుల ఫోటో ఆ కార్డులోకి వచ్చిందాకా మిల్లర్ వాళ్ళకు ఫోన్ చెయ్యను.

అయినా మూడు వారాలు నీలాగే రాత్రిపూట కూర్చుని కార్డులన్నీ నేనే జరిపాను. ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? అది నా పద్దు, వాళ్ళది కాదు. ఒకరోజు కరెంటాయన పైపులు అయిపోయాయని చెప్పడానికి వస్తే ఫోన్ చేతికిచ్చి, "నువ్వే జరుపు" అన్నాను. వేలికి సిమెంటు దుమ్ము, స్క్రీన్ కదల్లేదు. తుండుతో వేలు తుడుచుకుని మళ్ళీ పట్టి లాగాడు. కార్డు 'అయిపోయినవి'లోకి వెళ్ళింది. "అయిపాయ సార్" అన్నాడు. ఆ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. మరుసటి రోజు తనే వచ్చి, "రెండో ఇంట్లో నా పేరు మీద ఏముంది సార్?" అని అడిగాడు. ఇప్పుడు రాయడం రానివాళ్ళు కూడా ఫోటో పంపి, సాయంత్రం వచ్చి కార్డు తామే జరుపుతున్నారు.

ఈ కార్డుల పద్ధతికి మూలం టొయోటా కార్ల ఫ్యాక్టరీ అని నువ్వు చెప్పాక దాని గురించి చదివాను. టైచి ఓనో అనే ఇంజనీరు పెట్టాడట. దాని పేరు కాన్‌బాన్, అంటే జపాన్ భాషలో బోర్డు. సామాను పెట్టె మీద కార్డు ఉంటుంది. ఆ సామాను వాడుకునే పనివాడే కార్డు తీస్తాడు. అది ఆ సామాను తయారుచేసే చోటికి వెనక్కి వెళ్తేనే అక్కడివాళ్ళు మళ్ళీ చేస్తారు. అంటే కార్డు ఉండేది పనిచేసేవాడి చేతిలోనే. పైనున్న ఆఫీసరు కూర్చుని జరిపేది కాదు. నువ్వు టీమ్ లీడ్‌వి, వాళ్ళ చేతిలోది నువ్వు లాక్కోకు.

ఇంకోటి. పని అయిందని నీ దగ్గర ఒకరు కార్డు జరిపేస్తే టెస్టింగ్ వాళ్ళు నాలుగు రోజులకు వెనక్కి పంపుతున్నారన్నావు. స్లాబ్ పోసిన సాయంత్రమే నేను పూర్తయిందని రాస్తే ఎట్లుంటుంది? తక్కువలో తక్కువ ఏడు రోజులు నీళ్ళు కట్టాలి, మన కడప ఎండలకు పది రోజులు. కింద ఆసరాగా నిలిపిన ప్రాప్‌లు, ఆనింపుల మధ్య నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకు ఏడు రోజులు, అంతకు మించితే 14 రోజులు కదిలించకూడదు. అందుకే 'నీళ్ళలో ఉన్నవి' అని విడిగా ఒక వరస పెట్టుకున్నాను. చూసేవాడికి అక్కడ పనేమీ జరగనట్టే ఉంటుంది, గట్టిపడేది మాత్రం అప్పుడే. మీ బోర్డులోనూ కోడ్ రాయడానికీ పూర్తవడానికీ మధ్య అట్లాంటి వరస ఒకటి పెట్టు. పూర్తయింది అంటే ఏమిటో ఎనిమిది మందినీ కూర్చోబెట్టి వాళ్ళ నోటితోనే చెప్పించు.

మీ మేనేజరు వారానికి ఎవరు ఎన్ని కార్డులు ముగించారో లెక్క అడుగుతున్నాడన్నావు. నాకు నచ్చనిది అదే. హాల్లో నాపబండలు పరిచే బేల్దారి రోజుకు గదంతా పరుస్తాడు. మెట్లు కట్టేవాడు అదే రోజులో నాలుగు మెట్లు తెస్తే గొప్ప. ఇద్దరినీ లెక్కేసి మెట్లవాడిని మందలిస్తే రేపటి నుంచి అతను మెట్టును రెండు కార్డులు చేస్తాడు. తర్వాత బోర్డు మీద ఉన్నదేదీ నమ్మలేం. ఆ మాట నువ్వు మీ మేనేజరుకు మెల్లగా చెప్పు. భయపడకు, నీ మీద నమ్మకం ఉండబట్టే నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

రేపు మీటింగులో ఒక్క పని చెయ్యి. అందరికీ చెప్పొద్దు. రెండు వారాలుగా ఒకేచోట ఆగిన కార్డులు రెండు ఉన్నాయన్నావు కదా, ఆ ఇద్దరినీ పక్కకు పిలిచి "ఏం అడ్డం పడింది?" అని అడుగు. ఎందుకు కాలేదని అడగొద్దు. అడ్డం ఏమిటో వాళ్ళనే ఆ కార్డులో రాయమను. అది తీసేయడం నీ పని. నాకు ఇసుక రాలేదని రాస్తే నేను ఇసుక కోసం తిరిగినట్టు.

ఇద్దరూ ఏమన్నారో రేపు రాత్రి ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటా. మీ అమ్మ ఎర్రకారం నూరి డబ్బాకు పెట్టింది, బుధవారం బెంగళూరు బస్సుకు పంపిస్తాం. పదకొండు లోపు పడుకో.

మీ నాయన