పరీక్ష చేయకముందే తప్పు భార్య మీదికి తోసేస్తారా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం ఆరోగ్యం పేజీలో 'భర్త వీర్యకణాలను చంపేస్తున్న భార్య శరీరం' అని పెద్ద అక్షరాలతో వేసిన వ్యాసం చదివాను. నాలుగు రోజులైనా మనసు కుదుటపడలేదు. ఆ పేజీని అత్తగార్లు చదువుతారు, ఆడపడుచులు చదువుతారు. పిల్లల్లేని కోడలి కంటబడేలా మడిచి పెట్టేవాళ్లూ ఉంటారు. ఆ హెడ్డింగ్ పెట్టినవారికి ఈమాత్రం తట్టలేదా?

వీర్యకణాల మీద యాంటీబాడీలు, అంటే పరాయివాటిని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు, ఆడవాళ్లలో పుట్టే మాట నిజమే. మగవాడి ఒంట్లోనే, తన కణాల మీదే అవి పుడతాయన్న సంగతిని మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఏది తనది, ఏది పరాయిది అన్న గుర్తింపు ఒంటికి చిన్నప్పుడే ఏర్పడుతుంది. వీర్యకణాలు తయారయ్యేది యుక్తవయసు వచ్చాక, కాబట్టి ఒంటికి అవి పరాయివిగా కనిపించవచ్చు. అందుకే వృషణాల్లో వాటికీ రక్తానికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఆపరేషన్ జరిగినా ఆ గోడ దెబ్బతినవచ్చు. అప్పుడు రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదికే వెళ్తుంది. వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లలో సగం మందికి పైగా ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి. ఇదేమీ నిన్న మొన్న తేలిన విషయం కాదు. సంతానం లేని మగవాళ్ల రక్తంలో ఇవి ఉన్నాయని 1954లోనే బయటపెట్టారు.

ఇది నేను అనుభవించి రాస్తున్న మాట. మూడేళ్లపాటు నా భార్యకు స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే, ఆఖరికి పొట్టకు చిన్న రంధ్రం పెట్టి లోపల చూసే లాపరోస్కోపీ కూడా చేశారు. నేను ఫైలు పట్టుకుని బయట కుర్చీలో కూర్చునేవాణ్ణి. నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నాలుగో డాక్టరమ్మ నాకు వీర్యపరీక్ష రాశారు. కౌంట్ బాగానే ఉంది. కానీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచి నన్నే చూడమన్నారు. తోకలకు తోకలు అతుక్కుని గుంపులు గుంపులుగా ఉన్నాయి. గిలగిలా కొట్టుకుంటున్నాయి, ముందుకు మాత్రం పోవడం లేదు. తర్వాత సన్నటి పూసలు కలిపి చేసే మార్ టెస్ట్‌లో కదిలే కణాల్లో చాలావాటికి పూసలు అంటుకున్నాయి, అంటే వాటి మీద యాంటీబాడీలు ఉన్నట్టు. అప్పుడడిగారు, చిన్నప్పుడు ఏమైనా ఆపరేషన్ జరిగిందా అని. నాకు పద్నాలుగేళ్లప్పుడు వృషణం మెలిపడి రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. మొదటి రోజే ఎవరైనా అడిగుంటే చెప్పేవాణ్ణి కదా!

ఇంకో మాట. యాంటీబాడీలు ఉన్నాయంటే ఇక పిల్లలు పుట్టరన్నట్టు రాశారు. పిల్లలున్న మగవాళ్లలో కూడా కొందరికి ఇవి ఉంటాయి. సగానికి మించి కణాలకు అంటుకుంటేనే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. ఆరు నెలలు కండోమ్ వాడితే భార్య ఒంట్లో యాంటీబాడీలు తగ్గిపోతాయన్న పాత సలహా ఒకటి ఇచ్చారు. దానికి గట్టి ఆధారం లేదు. భార్య వయసు ముప్పై దాటిన దంపతులకు ఆ ఆరు నెలలు ఎవరు తిరిగిస్తారు? యాంటీబాడీలను తగ్గించడానికి వాడే స్టెరాయిడ్ల గురించి రాస్తూ వాటి దుష్ఫలితాల ఊసే ఎత్తలేదు. తుంటి ఎముక దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి 1992 నుంచి ఉంది. ఇలాంటి జంటల్లో చాలామందికి అదే దారి చూపింది. దాని పేరే ఎత్తలేదు.

ఒకప్పుడు పేపర్లో వైద్యం గురించి రాస్తే డాక్టరు చూశాకే అచ్చయ్యేది. ఇప్పుడు హెడ్డింగ్ కంటపడితే చాలు. ఆరోగ్యశాఖ వాళ్లదీ అదే తీరు. సంతానలేమి అనగానే పోస్టర్ మీద దిగాలుగా కూర్చున్న ఆడమనిషి బొమ్మే. పక్కన మొగుడు ఉండడు. దంపతులు మొదటిసారి వచ్చిన రోజే మగవాడికీ పరీక్ష చేయాలని అన్ని ఆసుపత్రులకూ ఒక ఆదేశం ఇవ్వడానికి అధికారులకు ఏం అడ్డం? ఆడవాళ్లకు చేసే పరీక్షలతో పోలిస్తే వీర్యపరీక్షకు ఖర్చూ తక్కువ, నొప్పీ లేదు.

సవరణ వేయండి. లోపలి పేజీ మూలన కాదు, అదే ఆరోగ్యం పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు