మన హైదరాబాద్ వన్ డే ట్రిప్‌లో మార్పు: ఇకపై పొద్దున్నే గోల్కొండ

మాతో వచ్చి వెళ్లినవాళ్లకీ, తమ స్నేహితులను మా దగ్గరికి పంపుతున్నవాళ్లకీ నమస్కారం.

పోయిన నెలలో ఒక శనివారం ట్రిప్ పాడైంది. మీలో కొందరికి ఆ సంగతి ఇప్పటికే చేరింది. చేరిన తీరే బాగాలేదు. "వీళ్లు కూడా ముత్యాల షాపులకు తిప్పడం మొదలుపెట్టారట" అన్న మాట తిరిగి తిరిగి నా దాకా వచ్చింది. చాలాకాలంగా మాతో వస్తున్న ఒకావిడ అయితే "మీరు కూడానా మేడం" అని మెసేజ్ పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

ఆ రోజు వచ్చింది ఖమ్మం నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు. పదో తరగతి కలిసి చదువుకున్నవాళ్లు. మళ్లీ అందరూ ఒకచోట చేరడానికి పాతికేళ్లు పట్టిందట. వాళ్ల కోసం 17 సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడి, అడ్వాన్స్ కూడా ముందే ఇచ్చాం. బండి పంపాల్సిన ట్రావెల్స్ ఆయన మేము మొదలుపెట్టిన రోజు నుంచీ మాతో ఉన్న మనిషి. కరోనా తర్వాత ఆయన బళ్లన్నీ షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉంటే, పిలిచి బుకింగ్ ఇచ్చింది మేమే. పేరు చెప్పను, కానీ ఈ మాట చెప్పకుండా ఉండలేను.

అది ముహూర్తాల రోజు. పెళ్లివాళ్లు ఎక్కువ ఇస్తామన్నారు, మన బండి అటు వెళ్లిపోయింది. ముందు రోజు రాత్రి ఒక్క ఫోన్ చేసినా ఇంకో బండి చూసుకునేదాన్ని. పొద్దున్న సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడి నేనే ఫోన్ చేస్తే, "రెండు ఇన్నోవాలు పంపుతున్నా మేడం, ఇంకా కంఫర్ట్" అన్నాడు. కంఫర్టట! వాళ్లు వచ్చిందే అందరూ ఒక్క బండిలో కూర్చుని గోల చేయడానికి. ఆరుగురు ఇందులో, ఆరుగురు అందులో కూర్చుంటే ఒక బండిలో నవ్వుకున్న మాట ఇంకో బండికి తెలియదు. ముందు బండిలో నేనూ ఇరుక్కుని కూర్చున్నాను. వెనక బండికి వచ్చింది యాక్టింగ్ డ్రైవర్, అంటే ఆ రోజుకి మాట్లాడుకున్న బదిలీ డ్రైవర్, నేను ఎప్పుడూ చూడని మనిషి.

మధ్యాహ్నం దాకా అంతా బాగానే గడిచింది. భోజనాలయ్యాక పాతబస్తీలో మదీనా చౌరస్తా దగ్గర బళ్లెక్కి గోల్కొండకు బయలుదేరాం. వెనక బండి ట్రాఫిక్‌లో ఆగిపోయిందనుకున్నాను. ఆగింది ట్రాఫిక్‌లో కాదు, ఒక ముత్యాల షాపు ముందు. "అయిదు నిమిషాలే అమ్మా, చూడ్డానికి డబ్బులేం అడగరు" అని దించాడట. లోపల ఏసీ, కూల్‌డ్రింకులు, ముత్యాన్ని గీకి, లైటర్ మంట మీద పెట్టి "చూడండి, అసలు సరుకు" అని చూపించడం, ఒక ట్రే తర్వాత ఇంకో ట్రే. పాపం వాళ్లకేం తెలుసు, ఇది కూడా మా ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కోసింది ఆ మాటే. డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు.

ఇక్కడ గోల్కొండ దగ్గర ఆరుగురు నాతో ఉన్నారు. "మీరు లోపలికి పదండి, వాళ్లు రాగానే నేను తీసుకొస్తా" అంటే ఒక్కరు కదలలేదు. వాళ్లు లేకుండా మేం చూసేదేంటి అన్నారు. మిగతా ఆరుగురూ వచ్చేసరికి టికెట్ కిటికీ మూసేశారు. బతిమాలాను, లాభం లేకపోయింది. వాళ్లలో ఒకావిడ భద్రాచలం వైపు ఆడపడుచు. చార్మినార్ ఉన్నా లేకపోయినా రామదాసు చెరసాల చూస్తే చాలు అని పొద్దుటి నుంచీ అంటూనే ఉంది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడని తానీషా బంధించిన గది అది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని కోట, 1687లో లోపలివాడే తలుపు తీస్తే పడిపోయిందని ప్రతి బ్యాచ్‌కీ ఇక్కడే చెబుతాను. ఆ రోజు చెప్పడానికి నోరు రాలేదు.

ట్రావెల్స్ ఆయన్ని అడిగితే వచ్చిన జవాబు ఇది: "రోజు బత్తా మీద డ్రైవర్‌కి ఏం మిగులుతుంది మేడం? అందరూ చేసేదే. కావాలంటే మీరూ ఒక కవర్ తీసుకోండి." ఈ లైన్లో కవర్లు నడుస్తాయని నాకు కొత్తగా తెలిసిందేం కాదు. జనాన్ని తెచ్చినవాడికి బిల్లులో వాటా ఉంటుంది. ఆ వాటా షాపువాడి జేబులోంచి పోదు, మీరు కొన్న దండ ధరలోనే కలిసి ఉంటుంది. నేను దాని జోలికి ఎప్పుడూ పోలేదు, ఇకపై పోను. అడ్వాన్స్ వదులుకున్నా పర్వాలేదని ఆయనతో లెక్క అక్కడికక్కడే తెంచేశాను. ఖమ్మం వాళ్లకు సగం డబ్బు తిరిగి ఇచ్చేశాం. వద్దన్నారు, ఇచ్చాం. మళ్లీ వస్తే ఆ పన్నెండు మందికీ గోల్కొండ మా ఖర్చు.

ఇక మార్పు సంగతి. మా ట్రిప్‌లో ఏది ముందు, ఏది వెనక అన్నది ఎక్కడో చూసి రాసుకున్నది కాదు, నేను కూర్చుని కట్టుకున్నది. పాత వరుస ఇది: పొద్దున తొమ్మిదింటికి, పక్కనున్న పత్తర్‌గట్టి బజారు షట్టర్లు ఇంకా లేవకముందే చార్మినార్ కింద ఉండాలి. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుకుని, 1591 నాటి ఆ మీనార్లను తోపులాట లేకుండా తలెత్తి చూడాలి. ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం, భోజనం. సాయంత్రం గోల్కొండ ఎక్కి కొండ పైనున్న దర్బారు మందిరం, బారాదరి దగ్గర కూర్చుంటే, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల మీద ఎండ వాలుతుంది. కిందికి దిగాక సౌండ్ అండ్ లైట్ షో. మీలో చాలామంది ఫొటోలు పంపింది ఆ సాయంత్రానివే.

మా తమ్ముడు మాత్రం ఈ వరుస తిప్పేద్దాం అంటున్నాడు ఎప్పటి నుంచో. సాయంత్రం మెహదీపట్నం, టోలీచౌకీ ట్రాఫిక్‌ని నమ్ముకుని గోల్కొండను చివర్లో పెడితే, ఎవడు ఒక గంట తినేసినా పోయేది గోల్కొండేనంటాడు. లెక్క ప్రకారం వాడి మాట కరెక్టే. మనసు ఒప్పుకోలేదు. సూర్యాస్తమయం లేని గోల్కొండ ట్రిప్ అమ్మాలా అని వారం రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు కూడా. చివరికి ఇద్దరం ఒక ఆదివారం వాడు చెప్పినట్టు పొద్దున్నే వెళ్లాం.

బాలాహిస్సార్ ద్వారం లోపల, గుమ్మటం కింద వాడు చప్పట్లు కొట్టాడు. నేను పైన ఉన్నాను. పొద్దున జనం లేరేమో, ఖంగుమని వినిపించింది. సాయంత్రాలు యాభై మంది ఒకేసారి కొడుతుంటే ఏది ఎవరి చప్పుడో తెలిసేది కాదు. 300కు పైగా ఉన్న మెట్లు కూడా ఎండ ముదరకముందే ఎక్కేయొచ్చు. పదకొండుకల్లా బయటపడితే, పన్నెండు కొట్టేలోపు సాలార్‌జంగ్‌లో మ్యూజికల్ క్లాక్ ముందు ఉంటాం. గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి ప్రతి గంటకూ గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు పూర్తిగా వినొచ్చు. పాత లెక్కలో మనకు పదకొండు గంటల దెబ్బలే దక్కేవి. ఆ తర్వాత ముసుగు వేసుకున్న రెబెక్కా శిల్పం. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కిన ఆ ముసుగు దగ్గర ఎంతసేపు నిలబడతారన్నది మీ ఇష్టం.

భోజనం తర్వాత బండి వదిలేస్తాం. ఇదే అసలు మార్పు. మదీనా నుంచి పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్‌కు నడకే, కిలోమీటరు కూడా ఉండదు. మీనార్ పైకి 149 మెట్లు, ఇరుకుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కిందే చాయ్ తాగండి. పైకి టికెట్లు సాయంత్రం ఆపేస్తారు కాబట్టి మూడున్నరకల్లా అక్కడ ఉంటాం. తర్వాత లాడ్ బజార్ మీది. అక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. ఏ షాపుకు వెళ్లాలో మేము చెప్పం, మీరే తిరిగి మీరే బేరం ఆడుకోండి. దీపాలు వెలిగాక ఆటోల్లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కి వెళ్లి, సికింద్రాబాద్ మీదుగా జేబీఎస్ వెళ్లే మెట్రో ఎక్కితే రాత్రి రైలుకు టెన్షన్ ఉండదు.

లైట్ షో పోయింది. నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు, మీకు కోపం వస్తే అర్థం చేసుకోగలను. హుస్సేన్‌సాగర్ బోటు కూడా తీసేశాం, అది నాకు పెద్ద బాధేం కాదు.

సగం రోజే బండి కదా, ధర తగ్గిస్తారా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. తగ్గదు. బళ్లవాళ్ల కనీస ప్యాకేజీ 8 గంటలు, 80 కిలోమీటర్లు. మధ్యాహ్నమే వదిలేసినా ఆ డబ్బు కట్టాల్సిందే. పెంచడం కూడా లేదు. ఇప్పుడు వస్తున్నది బండి ఓనరే డ్రైవర్‌గా ఉన్న మనిషి. షాపు దగ్గర ఆపితే ఆ రోజు కిరాయి ఇవ్వనని కాగితం మీద రాయించుకున్నాను. నవ్వాడు గానీ సంతకం పెట్టాడు. రెండు చిన్న బళ్లుగా పంపే పద్ధతి ఇక ఉండదు. ఒకే బండి దొరకకపోతే ముందు రోజే చెప్పి మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం.

శుక్రవారం బుకింగ్‌లు తీసుకోం, ఆ రోజు సాలార్‌జంగ్ సెలవు. ఆషాఢంలో ఆది, గురువారాలు గోల్కొండలో బోనాలు, మెట్ల మీద అడుగు పెట్టే చోటుండదు కాబట్టి ఆ రోజుల్లోనూ ట్రిప్ లేదు. పాత ప్లాన్ చూసి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు, సాయంత్రం గోల్కొండే కావాలనుకుంటే చెప్పండి, పూర్తిగా తిరిగి ఇస్తాను. వెనక్కి మార్చమని మాత్రం అడగకండి.