యువతకు చీపురే కాదు, లెక్కల పుస్తకమూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

గ్రామాభివృద్ధిలో యువత పాల్గొనాలని సభల్లో తరచూ వింటాం. తీరా పని దగ్గరికొచ్చేసరికి చీపుర్లు, మొక్కలు, ర్యాలీలే. అవి వద్దని కాదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం వల్ల ఎందరో విద్యార్థులు పల్లెను దగ్గరగా చూశారు. కానీ ఏడు రోజుల శిబిరం ముగిసి, ఫొటోలు దిగాక ఆ ఊరితో చాలామందికి సంబంధమే ఉండదు.

ఇంతకంటే మంచి నమూనా మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ మొదలైనప్పుడు, కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టికలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. వాటిలో పేరున్న కూలీ నిజంగా పనికొచ్చాడా, డబ్బు చేతికందిందా అని అడిగారు. చేసిన పనులు కొలిచి చూశారు. తేలినదంతా జనం ముందు చదివి వినిపించారు. కూలి ఇంటి కుర్రాడు అధికారిని లెక్క అడగడం చిన్న విషయమా!

ఆ పద్ధతిని పంచాయతీ నిధులకూ, బడి మరమ్మతులకూ విస్తరించాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరపాలంటోంది. పనిరోజు ఉదయం పెడితే కాలేజీ పిల్లలెలా వస్తారు? ఆదివారం పెట్టండి. ఖర్చుల వివరాలు వారం ముందే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. 21 ఏళ్లకే సర్పంచిగా పోటీ చేయొచ్చని రాజ్యాంగం చెబుతుంటే, బిల్లు చూపించమన్న కుర్రాణ్ని ‘నీకెందుకురా’ అని గదమాయించడమేంటి?

– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా